ఒకే తానులో ముక్కలు: 26 లైబ్రరీ సైట్లలో డిజైన్ ప్యాటర్న్‌లు వెతికిన కేస్ స్టడీ

అడిగింది చిన్న పనే. కొన్ని లైబ్రరీలు కలిసి తమ కేటలాగ్ సైట్లను కొత్తగా కట్టించుకోవాలనుకున్నాయి. ఒక్కో సైటునూ మొదటి నుంచి డిజైన్ చేసుకుంటూ పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని ఇప్పటికే నడుస్తున్న లైబ్రరీ సైట్లను చూసి, వాటిలో మళ్ళీ మళ్ళీ కనిపించే డిజైన్ ప్యాటర్న్‌లేవో తేల్చి, వాటితో ఒక కిట్ తయారు చేసి ఇమ్మన్నారు. ఎవరికి కావలసినవి వాళ్ళు అందులోంచి తీసుకుంటారు.

ఆరు వారాల్లో ఇచ్చేస్తామని చెప్పాను. ఐదు నెలలు పట్టింది. మొదటి రెండు నెలల్లో చేసినదాంట్లో చివరికి మిగిలింది స్క్రీన్‌షాట్ల ఫోల్డరొక్కటే. ఆ రెండు నెలలు ఎందుకు దండగయ్యాయో కాస్త వివరంగానే రాస్తాను. ఇలాంటి పనికి దిగిన ప్రతి టీమూ ముందు అదే గుంటలో కాలు పెడుతుందని నా అనుమానం.

గోడ నిండా బొమ్మలు

మేము నలుగురం. ఇద్దరు డిజైనర్లం, ఒక డెవలపరు, పాతికేళ్ళు లైబ్రేరియన్‌గా చేసి రిటైరైన ఒకావిడ. ఆవిణ్ణి సలహాదారుగా పెట్టుకున్నాం గానీ, మొదటి నెలలో ఆవిణ్ణి అడిగింది తక్కువ. ఇదీ తప్పుల లెక్కలోకే వస్తుంది.

మొత్తం 26 సైట్లు ఎంచుకున్నాం. పెద్ద పబ్లిక్ లైబ్రరీలవి, యూనివర్సిటీ లైబ్రరీలవి, నాలుగైదు చిన్నవి. ఎవరికైనా కనిపించే పేజీలను మాత్రమే చూశాం. లాగిన్ లోపలి పేజీల కోసం లైబ్రరీలను అడిగి టెస్ట్ ఖాతాలు తీసుకున్నాం. ఏ పాఠకుడు ఏ పుస్తకం తీసుకెళ్ళాడన్నది లైబ్రరీలు ప్రాణంగా కాపాడుకునే రహస్యం, దాని జోలికి పోకూడదు.

పద్ధతి గురించి పెద్దగా ఆలోచించలేదు. వెబ్ డిజైనర్ బ్రాడ్ ఫ్రాస్ట్ 2013లో ప్రచారంలోకి తెచ్చిన ఇంటర్‌ఫేస్ ఇన్వెంటరీ మా చేతికి అలవాటైనదే. సైటులోని బటన్లన్నీ ఒకచోట, ఫారాలన్నీ ఒకచోట, హెడర్లన్నీ ఒకచోట స్క్రీన్‌షాట్లు తీసి పక్కపక్కన పెడతాం. "మన సైటులో ఇన్ని రకాల బటన్లున్నాయా!" అని అందరూ నోరెళ్ళబెడతారు. సర్దుబాటు అక్కడి నుంచి మొదలవుతుంది. ఒక సంస్థ తన సొంత సైటులోని గందరగోళాన్ని కళ్ళారా చూసుకోవడానికి పనికొచ్చే పద్ధతి అది. మేము దాన్నే 26 వేరువేరు సైట్ల మీద ప్రయోగించాం. మూడో వారానికి గోడ మీద 340 స్క్రీన్‌షాట్లు, వాటి కింద 61 గుంపులు, ఒక్కో గుంపు మీదా ఒక రంగు కాగితం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. వచ్చినవాళ్ళందరూ ఫొటోలు తీసుకుని వెళ్ళారు.

61 గుంపుల్లో మొదటి స్థానం కరౌసెల్‌ది. "కొత్తగా వచ్చిన పుస్తకాలు" అని పేరు పెట్టి, అట్టల బొమ్మలు పక్కకు జరుగుతూ పోయే పట్టీ అన్నమాట. 26లో 21 సైట్లలో ఉంది. ఇంతమంది వాడుతున్నారంటే అది ప్యాటర్నే అని తీర్మానించాం. మా డెవలపర్ మూడు వారాలు కూర్చుని ముచ్చటగా కట్టాడు. వేలితో తోస్తే జరుగుతుంది, కీబోర్డుతో నడుస్తుంది, స్క్రీన్ రీడర్ చదువుతుంది.

తర్వాత ఎనిమిది మంది పాఠకులను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, పుస్తకం వెతకమని, రిజర్వ్ చేయమని, రెన్యూ చేయమని పనులు ఇచ్చాం. ఆ పట్టీని ఒక్కరూ ముట్టుకోలేదు. ఒకాయన దాన్ని యాడ్ అనుకుని చరచరా కిందికి జరిపేశారు. మేమిచ్చిన పనులన్నీ వెతుకులాటకు సంబంధించినవి కాబట్టి పట్టీకి కొంత అన్యాయం జరిగి ఉండొచ్చు. నాకు టెన్షన్ పుట్టించింది అది కాదు. ఎనిమిది మందిలో ఆరుగురు, కావలసిన పుస్తకం స్క్రీన్ మీద కనబడగానే, ఇంచుమించు ఒకే మాట పైకే అన్నారు: "సరే, ఇప్పుడు ఉందా ఇది?"

గోడ మీది 61 గుంపుల్లో ఆ ప్రశ్నకు సంబంధించిన గుంపు ఒక్కటీ లేదు.

తీగ లాగితే

ఆ సాయంత్రం లైబ్రేరియన్‌గారు గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు. కరౌసెల్ గుంపులోంచి నాలుగు స్క్రీన్‌షాట్లు పీకి నా చేతిలో పెట్టి, "ఇవి ఒకే తానులో ముక్కలు కదండీ, నాలుగని ఎందుకు లెక్కపెట్టారు?" అన్నారు.

రంగులు వేరు, లోగోలు వేరు, అక్షరాలు వేరు. నాకేమీ ఒకటిగా కనబడలేదు. అప్పుడావిడ బ్రౌజర్‌లో పై పట్టీ చూపించారు. పుస్తకం పేజీ తెరిస్తే నాలుగు సైట్ల అడ్రసులోనూ డొమైన్ పేరు తర్వాత తోక ఒకటే. లైబ్రరీలు తమ సాఫ్ట్‌వేర్‌ను సాధారణంగా సొంతంగా రాసుకోవు. వెండర్ దగ్గర కొనుక్కుంటాయి, లేదా ఓపెన్ సోర్స్‌ది పెట్టుకుంటాయి. న్యూజిలాండ్‌లో ఒక లైబ్రరీ ట్రస్టు కోసం తయారై 2000లో వాడుకలోకి వచ్చిన కోహా, విలనోవా యూనివర్సిటీలో పుట్టిన వూఫైండ్, వర్జీనియా యూనివర్సిటీలో పుట్టిన బ్లాక్‌లైట్ ఇలాంటివే. రంగులు ఎంత మార్చినా అడ్రసు తీరు చూసి పోల్చుకోవచ్చు. కోహా అయితే పుస్తకం పేజీ అడ్రసులో ఓప్యాక్-డీటెయిల్ అన్న మాట, వెనకాల బిబ్లియోనంబర్ అన్న మాట ఉంటాయి. పేజీ సోర్స్ తెరిస్తే, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ క్లాసుల పేర్లు మిగతా గుట్టు చెప్పేస్తాయి.

రెండు రోజులు కూర్చుని 26 సైట్లకూ మూలం, అంటే అడుగున ఉన్న సాఫ్ట్‌వేర్ ఏదో, తవ్వాం. తొమ్మిది తేలాయి. ఒక్క మూలం కిందే ఎనిమిది సైట్లు, ఇంకోదాని కింద ఐదు. 21 సైట్లలో ఉందని మేము మురిసిపోయిన కరౌసెల్ నాలుగే మూలాల నుంచి వచ్చింది. వాటిలో రెండింటిలో అది సాఫ్ట్‌వేర్‌తో పాటే తయారుగా వచ్చే విడ్జెట్. ఆన్ చేసినవాళ్ళు లేరు, ఆఫ్ చేయాలని ఎవరికీ తోచలేదంతే. 21 మంది డిజైనర్ల నిర్ణయం అనుకున్నది ఒకరిద్దరి డీఫాల్ట్ సెట్టింగు.

పాత కావ్యాలను పరిష్కరించే పండితులకు ఈ సంగతి ఏనాడో తెలుసు. ఒక పద్యానికి పది తాళపత్ర ప్రతుల్లో ఒకే పాఠం ఉన్నా, ఆ పదీ ఒకే మాతృక చూసి రాసుకున్నవైతే సాక్ష్యం ఒక్కటే. వేరే మాతృక నుంచి వచ్చిన పదకొండో ప్రతి మిగతా పదింటితో సమానంగా తూగుతుంది. వెబ్‌సైట్లలో ప్యాటర్న్‌లు వెతికేటప్పుడు మాతృకల సంగతి ముందు తేల్చుకోవాలని మాకు ఎవరూ చెప్పలేదు. నిజానికి చెప్పగలిగిన మనిషి పక్కనే ఉన్నారు, మేమే అడగలేదు.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. వూఫైండ్, బ్లాక్‌లైట్ వేరువేరు చోట్ల పుట్టినా రెండింటికీ అడుగున ఉన్న సెర్చ్ ఇంజిన్ అపాచీ సోలార్. ఫిల్టర్ల పక్కన, ఒక్కోదాని కింద ఎన్ని ఫలితాలున్నాయో అంకెలు చూపించడం సోలార్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. కాబట్టి ఆ రెండింటిలోనూ అంకెలున్నాయంటే ఇద్దరు డిజైనర్లు విడివిడిగా అదే నిర్ణయానికి వచ్చారనుకోవాలా, ఇంజిన్ ఇచ్చింది ఇద్దరూ వాడుకున్నారనుకోవాలా? దీనికి ఖచ్చితమైన గీత గీయలేకపోయాం. అనుమానం ఉన్నచోట రెండు మూలాలను ఒకటిగానే లెక్కేశాం. తక్కువ లెక్కపెట్టినా నష్టం లేదు, ఎక్కువ లెక్కపెడితే మళ్ళీ కరౌసెలే.

మా దగ్గర జవాబులున్నాయి, ప్రశ్నలు లేవు

ప్యాటర్న్ అన్న మాటను మేమంతా అలవోకగా వాడేస్తాం. దాని పుట్టుక ఆర్కిటెక్చర్‌లో. క్రిస్టఫర్ అలెగ్జాండర్, ఆయన సహచరులు 1977లో ఇళ్ళ గురించీ ఊళ్ళ గురించీ 253 ప్యాటర్న్‌లు ప్రచురించారు. 1987లో కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ ఆ ఆలోచనను ప్రోగ్రామింగ్‌లోకి తెచ్చారు. 1994లో నలుగురు రచయితల "డిజైన్ ప్యాటర్న్స్" పుస్తకం 23 ప్యాటర్న్‌లతో దాన్ని ప్రతి డెవలపర్ నోటా పలికించింది. చేతులు మారే కొద్దీ ఒకటి జారిపోయింది. అలెగ్జాండర్ లెక్కలో ప్యాటర్న్ అంటే పరిష్కారం ఒక్కటే కాదు. ఏ పరిస్థితిలో, ఏ సమస్య మళ్ళీ మళ్ళీ వస్తుంది, అక్కడ ఒకదాన్నొకటి లాగే ఒత్తిళ్ళేమిటి, వాటిని ఏది తీరుస్తుంది అన్నవన్నీ కలిస్తేనే ప్యాటర్న్. మా గోడ మీద ఉన్నవన్నీ పరిష్కారాల బొమ్మలు. దేనికి పరిష్కారమో రాసిన కాగితం ఒక్కటీ లేదు.

గోడ ఖాళీ చేశాం. పేజీలు కాకుండా పనులు పట్టుకున్నాం. పేరు తెలిసిన పుస్తకం వెతకడం, పేరు గుర్తులేని పుస్తకం వెతకడం, ఒక విషయం మీద ఏమున్నాయో చూడడం, తీసుకెళ్ళడానికి వీలుందో తెలుసుకోవడం, రిజర్వ్ చేసి వేచి ఉండడం, రెన్యూ చేయడం, దొరకనిదాన్ని కొనమని లైబ్రరీని అడగడం. మొత్తం ఏడు. ఒక్కో సైటులో ఒక్కో పనినీ అడుగడుగునా చేస్తూ, ప్రతి అడుగు దగ్గరా రెండే ముక్కలు రాశాం: ఇక్కడ పాఠకుడి మనసులో ఉన్న ప్రశ్న ఏమిటి, స్క్రీన్ ఇస్తున్న జవాబేమిటి. ఇద్దరు డిజైనర్లం ఒకరిది ఒకరు చూసుకోకుండా రాశాం. ఆ తర్వాత చీటీలను ప్రశ్నల ప్రకారం సర్దాం. స్క్రీన్‌షాట్లను కావాలనే పక్కన పెట్టాం, ఎందుకంటే బొమ్మ కనబడితే కన్ను పోలికల వెంటే పోతుంది.

మా ఇద్దరికీ కుదరని చీటీలే ఎక్కువ పనికొచ్చాయి. నేను "పుస్తకం వివరాలు" అని రాసినచోట నా సహోద్యోగి "ఇది నాకు కావలసిన పుస్తకమేనా?" అని రాసింది. తనదే సరైనది. ప్రచురణకర్త పేరు, పేజీల సంఖ్య, ముద్రణ సంవత్సరం, అట్ట బొమ్మ అన్నీ ఆ ఒక్క ప్రశ్న కోసమే అక్కడున్నాయి. అలా చూస్తే వాటి వరస కూడా మారిపోతుంది. అట్ట బొమ్మ పైకి వస్తుంది, పేజీల సంఖ్య కిందికి పోతుంది.

"ఇప్పుడు ఉందా ఇది?"

మొదటి విడతలో ఈ ప్రశ్న ఎందుకు తప్పించుకుందో ఇప్పుడు అర్థమైంది. తొమ్మిది మూలాల్లోనూ దీనికి జవాబు ఉంది, కానీ ప్రతిచోటా రూపం వేరు. ఒకచోట పచ్చ చుక్క. ఒకచోట బ్రాంచిల వారీగా టేబుల్. ఒకచోట "5లో 2" అన్న అంకె. ఇంకోచోట మామూలు వాక్యం, మరోచోట "ఎక్కడుందో చూడండి" అన్న లింకు. మా ఇన్వెంటరీలో చుక్క ఐకాన్లలోకి, టేబుల్ టేబుళ్ళలోకి, లింకు లింకుల్లోకి చెదిరిపోయాయి. ఆకారాన్ని బట్టి ఏరితే కరౌసెల్ మొదటి స్థానానికి వచ్చి, అసలు ప్యాటర్న్ ఐదు గుంపుల్లో ముక్కలై కనబడకుండా పోయింది.

లైబ్రరీ సిస్టమ్ లోపల ఒక ప్రతికి ఉండే స్థితులు చాలా. షెల్ఫ్‌లో ఉంది, ఇష్యూ అయింది, ఒక బ్రాంచి నుంచి ఇంకో బ్రాంచికి దారిలో ఉంది, వేరొకరి కోసం పక్కన పెట్టారు, ఆర్డర్ చేశారు ఇంకా రాలేదు, బైండింగ్‌కు పోయింది, కనబడటం లేదు, రిఫరెన్స్ పుస్తకం కాబట్టి బయటికి ఇవ్వరు. సైట్లు చాలావరకు ఈ మాటలను ఉన్నదున్నట్టు పాఠకుడి ముందు పెట్టేస్తాయి. పాఠకుడికి కావలసింది స్థితి కాదు, తను ఇప్పుడేం చేయాలన్నది. ఆ రకంగా చూస్తే జవాబులు మూడే: ఇప్పుడు వెళ్ళి తెచ్చుకోవచ్చు, రిజర్వ్ చేసి వేచి ఉండాలి, ఇక్కడ దొరకదు కాబట్టి వేరే దారి చూసుకోవాలి. పై ఎనిమిది స్థితులూ ఈ మూడింటిలో ఒకదాని కిందికి వస్తాయి. బాగా పనిచేస్తున్న సైట్లన్నీ ఫలితాల లిస్టులోనే, పుస్తకం పేరు కిందే ఈ జవాబు ఇస్తున్నాయి. మిగతావి ఒక్కో పుస్తకం పేజీ తెరిచి చూసుకోమంటున్నాయి.

ప్యాటర్న్‌కు ఒకటి చొప్పున కార్డులు రాశాం. ఈ ప్యాటర్న్ కార్డులో మేము రాసుకున్న ఒత్తిళ్ళు రెండు. ఒకటి రంగుది. పచ్చ చుక్క, ఎర్ర చుక్క మాత్రమే పెడితే రంగులు తేడా తెలియనివాళ్ళకు రెండూ ఒకటే. రంగు ఒక్కదాని మీదే సమాచారం ఆధారపడకూడదని వెబ్ పేజీలు వైకల్యం ఉన్నవాళ్ళకూ అందేలా చేయడానికి ఉన్న డబ్ల్యూసీఏజీ ప్రమాణంలో 1.4.1 నియమం స్పష్టంగా చెబుతుంది. మాట తప్పనిసరి, చుక్క దానికి తోడు మాత్రమే.

రెండోది టైముది. దీని మీద మా డెవలపర్ రెండు వారాలు తల బద్దలుకొట్టుకున్నాడు. సెర్చ్ ఫలితాలు ఇండెక్స్‌లోంచి చిటికెలో వస్తాయి. పుస్తకం ప్రతి ఇప్పుడు ఎక్కడుందన్న సంగతి మాత్రం లైబ్రరీ సిస్టమ్‌ను అప్పటికప్పుడు అడగాలి, అది నిదానంగా పలుకుతుంది. కాబట్టి లిస్టు ముందు వస్తుంది, జవాబు లైన్లు తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. వాటికి ముందే చోటు కేటాయించకపోతే వచ్చినప్పుడల్లా లిస్టు కిందికి గెంతుతుంది, మీరు నొక్కబోయిన పుస్తకం బదులు పక్కది తెరుచుకుంటుంది. ఇంకా ఘోరం, సిస్టమ్ పలకనప్పుడు ఏం చూపించాలన్నది. మేము చూసిన సైట్లలో కొన్ని అలాంటప్పుడు "అందుబాటులో లేదు" అని చూపించేస్తున్నాయి. పుస్తకం షెల్ఫ్‌లోనే ఉంటుంది, పాఠకుడు నిరాశపడి వెళ్ళిపోతాడు, ఈ సంగతి ఎవరి రికార్డులోకీ ఎక్కదు. "ఇప్పుడు తెలుసుకోలేకపోయాం, మళ్ళీ చూడండి" అన్నది నాలుగో జవాబుగా కార్డులో చేరింది.

క్యూలో 13వ మనిషి

రిజర్వ్ చేశాక చాలా సైట్లు "మీ స్థానం: 13" అని చూపిస్తాయి. వినడానికి నిజాయితీగా ఉంది, ఉపయోగం మాత్రం లేదు. ముందు 12 మంది ఉన్నారనుకోండి. గడువు మూడు వారాలు, ప్రతులు నాలుగు. అప్పుడు మూడు విడతల్లో అందరూ అయిపోతారు, మహా అయితే తొమ్మిది వారాలు. ఉన్నది ఒక్క ప్రతే అయితే 12 విడతలు, 36 వారాలు. స్థానం రెండిటికీ ఒకటే. మొదటి మనిషి వేచి ఉండాలి, రెండో మనిషి ఎక్కడైనా కొనుక్కోవాలి.

ఎంతమంది ముందున్నారో, ఎన్ని ప్రతులున్నాయో పక్కపక్కనే చెప్పే సైట్లు మూడు మూలాల్లో కనిపించాయి. ఇంకో అడుగు వేసి "సుమారు ఇన్ని వారాలు" అని అంచనా చెప్పేది ఒకే మూలం. మాకు అదే నచ్చింది, కానీ ఒకే మూలం కాబట్టి కార్డులో వికల్పంగా పెట్టాం. ప్యాటర్న్‌ల గురించి రాసేవాళ్ళలో ఒక పాత నియమం ఉంది: వేరువేరు చోట్ల మూడుసార్లు కనబడితే తప్ప దాన్ని ప్యాటర్న్ అనొద్దు. మేము దాన్ని "మూడు సైట్లు" కాకుండా "మూడు మూలాలు" అని మార్చుకున్నాం.

ఈ కార్డును చూసి క్లయింట్ వైపు ఒకాయన ఉత్సాహపడ్డారు. "ఇది లైబ్రరీలకే ఎందుకు, అపాయింట్‌మెంట్ల సైట్లకు, టికెట్ల సైట్లకు కూడా పనికొస్తుంది కదా, అందరికీ వర్తించేలా రాయండి" అన్నారు. రాసి చూశాం. "పరిమితమైన వస్తువు, వేచి ఉన్న మనిషి" అని మొదలైంది. ప్రతులు పోయాయి, గడువు పోయింది, తిరిగి రావడం పోయింది. లైబ్రరీ క్యూలో ఇచ్చిన వస్తువు తిరిగొస్తుంది, టికెట్ల క్యూలో రాదు. తొమ్మిది వారాల లెక్క అంతా ఆ తిరిగిరావడం మీదే నిలబడింది. ఎవరికైనా సరిపోయేలా సాగదీసేసరికి ఎవరికీ పనికిరాని వాక్యం మిగిలింది. పాత కార్డే ఉంచాం.

ఏ ప్రతైనా ఫరవాలేదు

లైబ్రేరియన్‌గారి పుణ్యాన పట్టుకున్న ప్యాటర్న్ ఇది. మాకు ఎన్నటికీ తట్టేది కాదు. ఒక నవలకు ఆరు ముద్రణలున్నాయి, కేటలాగ్‌లో ఆరు రికార్డులు. పాఠకుడు మొదటిదాని మీద రిజర్వ్ నొక్కి రెండు నెలలు ఎదురుచూస్తాడు. అదే నవల, వేరే అట్టతో, అదే బ్రాంచిలో షెల్ఫ్ మీద దుమ్ము పడుతూ ఉంటుంది.

అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య ఇఫ్లా 1998లో ప్రచురించిన ఎఫ్ఆర్‌బీఆర్ నమూనా దీన్ని నాలుగు అంచెలుగా విడదీస్తుంది. మన మాటల్లో చెప్పాలంటే కృతి, దాని పాఠం లేదా అనువాదం, ఒక ముద్రణ, చేతిలో పట్టుకునే ప్రతి. పాఠకుడు అడిగేది కృతి. కేటలాగ్ చూపించేది ముద్రణ. ఇంటికి తీసుకెళ్ళేది ప్రతి. ముద్రణలన్నిటినీ ఒకే కృతి కింద చూపించి "ఏ ముద్రణైనా ఫరవాలేదు" అని రిజర్వ్ చేయనిచ్చే సైట్లు 26లో ఐదు, మూలాలు మూడు. అరుదే, కానీ మా టెస్టుల్లో దీన్ని చూసిన పాఠకులు మళ్ళీ పాత పద్ధతి చూపిస్తే విసుక్కున్నారు. చదువుకునే విద్యార్థి సంగతి మాత్రం వేరు. అతనికి ఫలానా ముద్రణ, ఫలానా పేజీ నంబర్లే కావాలి. అందుకే కార్డులో పరిస్థితి అన్న గడి కింద మొదటి లైనే "వినోదం కోసం చదివేవాళ్ళు ఎక్కువగా ఉన్నచోట" అని ఉంటుంది.

ఫిల్టర్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అవి అన్నిచోట్లా ఉన్నాయి, అన్నిచోట్లా ఇంచుమించు ఒకేలా పనిచేస్తాయి. ఒకే వర్గంలో రెండు ఎంచుకుంటే ఏదో ఒకటి ఉన్నా చాలు, వేరు వర్గాల్లో ఎంచుకుంటే రెండూ ఉండాలి. ఒక విషయాన్ని ఒకే పెట్టెలో పెట్టకుండా పలు ముఖాలుగా విడగొట్టి చూడాలన్న ఆలోచనను గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లోనే, పుస్తకాలను విషయాల వారీగా సర్దే తన కోలన్ వర్గీకరణలో చేసి చూపించారు. ఇవాళ షాపింగ్ సైట్లలో ఎడమ పక్కన కనబడే ఫిల్టర్ల వరస ఆ వంశానిదే. లైబ్రరీ నుంచి బయటికి పోయి, ఊరంతా తిరిగి, 2000ల దశకంలో మళ్ళీ లైబ్రరీ కేటలాగ్‌లకే వచ్చింది.

అందరూ చేసే తప్పు

ఒకటి మాత్రం బాధగా రాస్తున్నాను. పుస్తకం పేజీ అడ్రసు కాపీ చేసి స్నేహితుడికి పంపితే, అవతల "మీ సెషన్ ముగిసింది" అని తెరుచుకునే సైట్లు మాకు మూడు మూలాల్లో దొరికాయి. మూడు మూలాల నియమం ప్రకారం ఇదీ ప్యాటర్నే! పాత కేటలాగ్ సాఫ్ట్‌వేర్లు ప్రతి సెర్చ్‌నూ ఒక తాత్కాలిక సెషన్‌కు కట్టేసేవి, ఆ అలవాటు పోలేదు. ఎంతమంది వాడుతున్నారన్నది, బాగుందా లేదా అన్నది రెండు వేరు ప్రశ్నలని ఇది మాకు నేర్పింది. కార్డుల మీద రెండు గడులు విడిగా పెట్టాం.

అయితే వాడుక అన్నదానికి సొంత విలువ లేకపోలేదు. మనుషులు ఎక్కువ సేపు గడిపేది మీ సైటులో కాదు, మిగతా సైట్లలోనని వెబ్ యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే అన్నాడు. రెండు పద్ధతులు సమానంగా పనిచేస్తున్నప్పుడు అలవాటైనదాన్నే తీసుకోవాలి. సెర్చ్ పెట్టె పైన మధ్యలో పెట్టాలా, ఎడమ పక్కనా అని మేము గంటన్నర వాదించుకున్నాం. ఎక్కువ మూలాలు పైన పెట్టాయి, పైనే పెట్టాం. ఆ గంటన్నర ఎవరు తిరిగిస్తారు?

నక్షత్రాలు

అలెగ్జాండర్ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చినది నక్షత్రాలు. తమకు పూర్తి నమ్మకం ఉన్న ప్యాటర్న్ పేరు పక్కన రెండు నక్షత్రాలు, దారి దొరికింది కానీ ఇంకా మెరుగుపడాలనిపిస్తే ఒకటి, అసలు విషయం పట్టుకోలేకపోయామనుకుంటే ఏమీ లేదు. మేమూ అలాగే పెట్టాం. 61 గుంపుల చోట చివరికి 14 కార్డులు మిగిలాయి. ఐదింటికి రెండు నక్షత్రాలు, ఆరింటికి ఒకటి, మూడింటికి సున్నా. సున్నా వచ్చినవాటిని తీసేయమని అడిగారు. తీసేయలేదు. అక్కడ సమస్య ఉన్నదని చెప్పడం కూడా పనికొచ్చే సమాచారమే. "పేరు గుర్తులేని పుస్తకం" వాటిలో ఒకటి. అందరికీ ఎదురయ్యే సమస్యే, ఏ సైటూ దాన్ని తీర్చలేదు.

కార్డుల మధ్య సంబంధాలకు 1990లో కార్నెగీ మెలన్‌లోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ప్రచురించిన ఫోడా పద్ధతిని కొంచెం అరువు తెచ్చుకున్నాం. ఒక రంగంలోని సిస్టమ్‌ల లక్షణాలను తప్పనిసరి, ఐచ్ఛికం, ఇది గానీ అది గానీ అని మూడుగా విడదీస్తుంది అది. మాకు అందులో మూడోదే ఎక్కువ అక్కరకొచ్చింది. "ముద్రణ మీద రిజర్వ్", "కృతి మీద రిజర్వ్" ఒకే సైటులో రెండూ పెడితే పాఠకుడు అయోమయంలో పడతాడు. ఏదో ఒకటి ఎంచుకోవాలని కార్డు మీదే రాశాం.

మొదటి లైబ్రరీ సైటు కిట్‌తో సాఫీగా అయిపోయింది. రెండోది ఒక పాత పరిశోధన లైబ్రరీ. అక్కడ "ఇప్పుడు ఉందా?" కార్డును ఉన్నదున్నట్టు వాడాం, రెండు నక్షత్రాలది కదా. సైటు మొదలైన వారానికి ఫిర్యాదులు వచ్చాయి. "షెల్ఫ్‌లో ఉంది, వచ్చి తీసుకోవచ్చు" అని సైటులో చదివి పాఠకులు వెళ్తున్నారు. అక్కడ షెల్ఫ్‌లు పాఠకులకు తెరిచి ఉండవు. చీటీ రాసిస్తే సిబ్బంది లోపలి నుంచి తెచ్చి ఇస్తారు, మధ్యాహ్నం తర్వాత ఇచ్చిన చీటీకి పుస్తకం మర్నాడే. పుస్తకం నిజంగానే షెల్ఫ్‌లో ఉంది, సైటు అబద్ధమేమీ చెప్పలేదు, మనిషి మాత్రం వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

మేము చూసిన 26 సైట్లలో అలా లోపలి నుంచి తెచ్చిచ్చే లైబ్రరీలు రెండే, రెండూ ఒకే మూలం కింద ఉన్నవి. మూలాలు లెక్కపెట్టాం గానీ లైబ్రరీలు నడిచే తీరును లెక్కపెట్టలేదు. కార్డులో "ఇప్పుడు వెళ్ళి తెచ్చుకోవచ్చు" అన్న జవాబును రెండుగా చీల్చాం: మీరే తీసుకోవచ్చు, ముందుగా అడిగి పెట్టుకుంటే ఫలానా వేళకు సిద్ధంగా ఉంటుంది. పరిస్థితి గడిలో మూడు లైన్లు చేరాయి. పేరు పక్కనున్న రెండో నక్షత్రాన్ని లైబ్రేరియన్‌గారే రబ్బరుతో చెరిపేశారు.

మూడో సైటు పని వచ్చే నెల మొదలవుతుంది. ఆ లైబ్రరీలో సగం పుస్తకాలు బండి మీద తిరుగుతూ ఉంటాయట.